పాత నాటకశాలలో పెద్దమ్మకో సీటు

2022లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర ఒక నాటకశాలను హైడ్రాలిక్ జాకీల మీద 30 అడుగులు పైకి లేపారు. అది 1913లో తెరిచిన ప్యాలెస్ థియేటర్. లోపలి అలంకరణకు చారిత్రక కట్టడంగా రక్షణ ఉంది కాబట్టి కూల్చడానికి వీల్లేదు. కింద మాత్రం దుకాణాలకు చోటు కావాలి. అందుకని ఏడు వేల టన్నుల బరువున్న హాలును, బాల్కనీలూ గోడల మీది నగిషీ పనీ చెదరకుండా, కొన్ని నెలలపాటు కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ పోయారు.

ఆ చుట్టుపక్కల వీధుల్లోనే వీల్‌ఛైర్‌లో వచ్చిన ప్రేక్షకులు దశాబ్దాలపాటు విన్న జవాబు ఒక్కటే. పాత భవనం, మెట్లున్నాయి, ఏం చేయలేం. డబ్బు వచ్చే పనైతే థియేటర్ మొత్తాన్నీ లేపగలిగినవాళ్లు, గుమ్మం దగ్గర రెండు మెట్ల మీద ఒక ర్యాంపు వేయలేమంటే ఎలా నమ్మాలి?

బ్రాడ్‌వే అంటే మన్‌హాటన్ నడిబొడ్డున ఉన్న 41 నాటకశాలలు. వాటిలో ఎక్కువ భాగం 1903కీ 1930కీ మధ్య కట్టినవే. నేల ఖరీదైనది, స్థలాలు ఇరుకు. అందుకే ఎత్తుగా పేర్చుకుంటూ పోయారు. నేలమట్టంలో ఉండే సీట్లను ఆర్కెస్ట్రా అంటారు. దానిపైన మెజనైన్, కొన్నిచోట్ల ఇంకా పైన బాల్కనీ. పైకి వెళ్లడానికి చాలా థియేటర్లలో ఈనాటికీ మెట్లే దిక్కు.

న్యూజెర్సీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది గంట ప్రయాణం. వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. నయాగరా చూపిస్తారు, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తారు, లిబర్టీ విగ్రహం దగ్గర ఫొటోలు దిగుతారు. బ్రాడ్‌వే మాట వచ్చేసరికి మాత్రం ‘అమ్మ మెట్లెక్కలేదు, నాన్నకు ఆ ఇంగ్లీషు అందదు’ అని పిల్లలే తేల్చేస్తారు. పెద్దవాళ్లు ఇంట్లో ఉండిపోతారు. ఆ రెండు కారణాలూ చెల్లవని చెప్పడానికే ఈ కథనం.

మా పెద్దమ్మది తెనాలి. తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి పెరిగిన మనిషి. ఏ పద్యానికి ఎవరు రాగం ఎంతసేపు తీసేవారో ఇప్పటికీ చెప్పగలదు. డెబ్బై దాటాక రెండు మోకాళ్లూ మొరాయించాయి. ఇంట్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, గుమ్మం దాటితే వీల్‌ఛైరే. అక్కావాళ్లింటికి ఆవిడ వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ‘అల్లాదీన్’ మ్యూజికల్‌కి వెళ్దామంటే, “నాకెందుకురా అబ్బాయ్, మీరెళ్లి రండి. నన్ను మోసుకు తిరుగుతుంటే మీకేం సరదా?” అంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో, మనమూ అంత తేలిగ్గా ఒప్పేసుకుంటాం. ఈసారి ఒప్పుకోలేదు.

టికెట్ దగ్గరే మొదలు

థియేటర్ వెబ్‌సైట్‌లో సీట్ల పటం తెరిస్తే వీల్‌ఛైర్ గుర్తున్న చోట్లు విడిగా కనిపిస్తాయి. అవి రెండు రకాలు. మొదటిది వీల్‌ఛైర్ స్థలం. అక్కడ కుర్చీ ఉండదు, ఉన్నా ముందే తీసి పక్కన పెడతారు. ప్రేక్షకుడు తన వీల్‌ఛైర్‌లోనే కూర్చుని చూస్తాడు. రెండోది ట్రాన్స్‌ఫర్ సీటు. చూడ్డానికి నడవ పక్కన ఉండే మామూలు సీటే. కానీ నడవ వైపు చెయ్యానించుకునే పట్టీ పైకి లేస్తుంది. వీల్‌ఛైర్‌ను దానికి ఆనించి పెట్టి, లేచి నిలబడే అవసరం పెద్దగా లేకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. పెద్దమ్మకు ఇది సరిపోతుందనిపించింది. టికెట్ తీసుకునేటప్పుడు మీకు ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. థియేటర్ సిబ్బంది దారి చూపిస్తారు, తలుపు తీస్తారు గానీ మనిషిని ఎత్తి సీట్లో కూర్చోబెట్టరు. ఆ సాయం మనవాళ్లే చేసుకోవాలి.

ఈ సీట్ల వెనక ఒక చట్టం ఉంది. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో వికలాంగులు తమ వీల్‌ఛైర్లూ చేతికర్రలూ కింద వదిలేసి, అమెరికా పార్లమెంటు భవనం మెట్లను పాకుకుంటూ ఎక్కారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. ఆ ఏడాది జులై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. ఆ చట్టం కింద తర్వాత వచ్చిన నిబంధనలు టికెట్ల అమ్మకాన్ని కూడా వదల్లేదు. మిగతా టికెట్లు ఎప్పుడు, ఏ పద్ధతిలో అమ్ముతారో ఈ సీట్లనూ అప్పుడే, అలాగే అమ్మాలి. వీల్‌ఛైర్ స్థలం తీసుకున్నవాళ్లకు అదే వరసలో పక్కపక్కనే మరో మూడు సీట్ల వరకు కొనుక్కునే వీలుండాలి. వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ చూపించమని అడగకూడదు.

ధరకు సంబంధించిన నిబంధన నాకు అన్నిటికన్నా నచ్చింది. పై బాల్కనీలో టికెట్ చవక, కానీ అక్కడికి లిఫ్టు లేదు. అప్పుడు వీల్‌ఛైర్‌లో వచ్చినాయన కింద ఖరీదైన టికెట్టే కొనుక్కోవాలా? అక్కర్లేదంటుంది నిబంధన. బాల్కనీలో ఇవ్వాల్సిన వాటా సీట్లను, బాల్కనీ ధరకే, చేరుకోగలిగిన మరో చోట ఇవ్వాలి. మెట్లు కట్టింది థియేటరువాళ్లు, ఆ ఖర్చు ప్రేక్షకుడి నెత్తిన పడకూడదు. ఇంత సూటిగా ఆలోచించిన నియమం నేను వేరే ఎక్కడా చూడలేదు.

అయితే చట్టం రాగానే తలుపులు తెరుచుకోలేదు. ప్రభుత్వ న్యాయవాదులు థియేటర్ల వెంట పడాల్సి వచ్చింది. నెడర్లాండర్ సంస్థ తన తొమ్మిది బ్రాడ్‌వే థియేటర్లలో దాదాపు 500 అడ్డంకులు తొలగిస్తానని 2014లో ఒప్పందం రాసిచ్చింది. మరో ఐదు థియేటర్ల యజమాని జుజామ్‌సిన్ 2021లో అదే దారికొచ్చింది. ఆ అయిదింటిలో కలిపి 44 వీల్‌ఛైర్ స్థలాలు, 54 ట్రాన్స్‌ఫర్ సీట్లు కేటాయించాలన్నది ఒప్పందం. చట్టం వచ్చి అప్పటికి 30 ఏళ్లు దాటాయి. అడ్డంకి అంటే పెద్ద గోడే కానక్కర్లేదు. బరువుగా మూసుకునే తలుపు, అందనంత ఎత్తున్న టికెట్ కౌంటర్, చక్రాలకు సరిపోని టాయిలెట్, ఇవన్నీ ఆ జాబితాల్లోకి వచ్చేవే.

నలభై రెండో వీధిలో

ఆ రోజు న్యూజెర్సీ ఐసెలిన్‌లోని మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కాం. అక్కడ ప్లాట్‌ఫామ్, రైలు గచ్చు ఒకే ఎత్తులో ఉంటాయి. మధ్యలో ఉన్న సందు మీద కండక్టర్ ఒక రేకు పలక వేశాడు, వీల్‌ఛైర్ దాని మీదుగా లోపలికి వెళ్లింది. పెన్ స్టేషన్‌లో లిఫ్టెక్కి పైకొచ్చాం. అక్కణ్నుంచి ఎనిమిది వీధులు. ప్రతి మలుపు దగ్గరా పేవ్‌మెంట్ రోడ్డు మట్టానికి వాలుగా దిగుతుంది కాబట్టి వీల్‌ఛైర్ ఎక్కడా ఎత్తే పని పడలేదు. నేను చూసిన మేరకు ఈ ప్రయాణంలో కష్టమల్లా జనసమ్మర్దమే. న్యూయార్క్ సబ్‌వే సంగతి మాత్రం వేరు. 472 స్టేషన్లలో లిఫ్టు సదుపాయం లేనివే ఎక్కువ. 2055 నాటికి 95 శాతం స్టేషన్లలో ఆ సదుపాయం కల్పిస్తామని, కోర్టు కేసుల తర్వాత 2022లో అధికారులు మాటిచ్చారు. అందుకని పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు సబ్‌వే కన్నా సిటీ బస్సునే నమ్ముకోవడం మంచిది. ప్రతి బస్సుకూ ర్యాంపో లిఫ్టో ఉంటుంది.

‘అల్లాదీన్’ ఆడే న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్ 1903 అక్టోబరులో షేక్‌స్పియర్ నాటకంతో మొదలైంది. హెర్ట్స్, టాలంట్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు కట్టారు. 42వ వీధి వైపు ముఖద్వారం సన్నంగా ఉంటుంది. అసలు హాలు వెనక, 41వ వీధి వైపు ఉంది. కాబట్టి లోపలికి అడుగుపెట్టాక పొడవాటి దారి గుండా వెళ్లాలి. ఆ దారి నిండా చెక్కడపు పనే. వీధిలోంచి లోపలికి మెట్టు లేదు. వీల్‌ఛైర్ నెమ్మదిగా పోతుంటే పెద్దమ్మ రెండు పక్కలా చూస్తూ, “ఆగు, ఆగు” అంటూ నన్ను ఆపింది. గబగబా నడిచిపోయేవాళ్ల కంటపడని లతలూ పూలూ ఆవిడ కళ్లకు తిన్నగా ఎదురొచ్చాయి. హాల్లోకి వెళ్లాక రంగస్థలం చుట్టూ ఉన్న తోరణం మీద నెమళ్లు కనిపించాయి. ఆకుపచ్చ, బంగారు, లేత ఊదా రంగుల్లో హాలంతా తోటలా ఉంటుంది.

ఆ వాస్తుశిల్పులు చేసిన ఒక పనిని ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటిదాకా చాలా హాళ్లలో బాల్కనీని మోయడానికి కింద స్తంభాలు నిలబెట్టేవారు. స్తంభం వెనక సీటు దొరికినవాడికి నాటకం సగమే కనిపించేది. వీళ్లు బాల్కనీలను గోడలోంచి ముందుకు చాచిన ఉక్కు దూలాల మీద నిలబెట్టి, స్తంభాలు తీసేశారు. ఎవరి చూపుకూ ఏదీ అడ్డు రాకూడదని 1903లోనే అంత తాపత్రయపడ్డారు. అంతటి వాళ్లకు కూడా మెట్లెక్కలేని ప్రేక్షకుడు ఒకడుంటాడని తట్టలేదు. అప్పట్లో అలాంటివాళ్లు నాటకానికి వస్తారని ఎవరూ అనుకోలేదు మరి.

నిర్మాత జీగ్‌ఫెల్డ్ ‘ఫాలీస్’ ప్రదర్శనలతో ఈ థియేటర్ ఒక వెలుగు వెలిగింది. 1930ల మాంద్యంలో నాటకాలు ఆగిపోయాయి. 1937లో సినిమా హాలైంది. తెర వెడల్పు కోసం పక్కనున్న బాక్సులను కొట్టేశారు. 1980ల్లో అదీ మూతపడింది. కప్పు కారి, పక్షులు గూళ్లు పెట్టి, నేల మీద పుట్టగొడుగులు మొలిచాయి. 1990ల్లో డిస్నీ సంస్థ దీర్ఘకాల లీజుకు తీసుకుంది. ప్రభుత్వం ఇచ్చిన తక్కువ వడ్డీ అప్పుతో కలిపి మూడు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. వాస్తుశిల్పి హ్యూ హార్డీ నేతృత్వంలో నెమళ్లకు మళ్లీ రంగులొచ్చాయి, కొట్టేసిన బాక్సులను తిరిగి కట్టారు. 1997లో తలుపులు తెరిచారు. ఆ ఏడాదే ‘ద లయన్ కింగ్’ ఇక్కడ మొదలైంది. చారిత్రక కట్టడం కాబట్టి ముట్టుకోకూడదు అనే వాదనకు ఈ హాలే జవాబు. 1979 నుంచి ఇది నగర రక్షిత కట్టడం. పాత అందమూ దక్కింది, చక్రాల కుర్చీకి చోటూ దొరికింది.

మా వరస దగ్గరికి వచ్చాక, టికెట్లు చూసే అమ్మాయి వంగి సీటు పట్టీ అడుగున ఉన్న మీట నొక్కింది. పట్టీ పైకి లేచి వెనక్కి వాలింది. వీల్‌ఛైర్ బ్రేకులు వేసి, పాదాలు పెట్టే పలకలు పక్కకు మడిచి, సీటుకు ఆనించాం. అక్క ఒక పక్క పట్టుకుంది. పెద్దమ్మ రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఒళ్లు పక్కకు జరుపుకుంది. కూర్చున్నాక ఆ అమ్మాయి పట్టీ దించింది. వీల్‌ఛైర్ మడిచి పక్కన పెట్టడానికి తీసుకెళ్తూ, విరామంలో కావాలంటే తెచ్చిస్తానని చెప్పింది. మొత్తం రెండు నిమిషాల పని. ఎవరూ తిరిగి చూడలేదు, ఎవరూ జాలిపడలేదు. పక్కనే అక్క, అక్క పక్కన బావ, తర్వాత నేను. కుటుంబం ఒకే వరసలో కూర్చుంది.

‘అల్లాదీన్’ ఇక్కడ 2014 మార్చి నుంచి ఆడుతోంది. అలన్ మెంకెన్ సంగీతం, కేసీ నికొలా దర్శకత్వం, నృత్యాలు. ఇక మొదట చెప్పిన ఇంగ్లీషు సంగతి. గాలాప్రో అనే యాప్‌ను ఫోన్‌లో పెట్టుకుంటే, సంభాషణలూ పాటలూ నటుల నోట వస్తుండగానే అక్షరాల్లో కనిపిస్తాయి. నల్లని తెర మీద సన్నని అక్షరాలు, పక్కవాళ్ల కళ్లలో వెలుతురు పడదు. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం వచ్చిన సదుపాయం ఇది. మన పెద్దవాళ్లలో చాలామంది ఇంగ్లీషు చక్కగా చదువుతారు, అమెరికన్ యాసే చెవికెక్కదు. వాళ్లకూ ఇది అక్కరకొస్తుంది. చూపు లేనివాళ్లకు రంగస్థలం మీద ఏం జరుగుతోందో చెవిలో చెప్పే వర్ణన కూడా ఇందులోనే ఉంది. పెద్దమ్మ హైస్కూలు టీచరుగా చేసింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కొంతసేపు చదివింది. జీనీ వచ్చి ‘ఫ్రెండ్ లైక్ మీ’ అందుకున్నాక ఫోన్ బోర్లించేసింది. పాట అయ్యేసరికి హాలు దద్దరిల్లింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “ఇక్కడ వన్స్‌మోర్ అనకూడదా?” అని అడిగింది.

రెండో సగంలో తివాచీ ఎగురుతుంది. చుక్కల ఆకాశంలో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టుకుని పైకి, పక్కకు, మలుపు తిరుగుతూ పోతుంది. తాడు కనిపించదు. ఈ ఇంద్రజాలాన్ని రూపొందించింది జిమ్ స్టైన్‌మేయర్. సురభి నాటక కుటుంబాల ‘మాయాబజార్’ చూసిన కళ్లు కదా, పెద్దమ్మ తివాచీ కిందా పైనా వెతికి, చివరికి వెతకడం మానేసి చూస్తూ ఉండిపోయింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాలు రంగస్థలం మీద మనుషులను గాల్లోకి లేపడానికి దారులు వెతికాయి. పాటా మాటా మాయా కలగలిసిన నాటకం మనకు కొత్త కాదు. అందుకే మన పెద్దవాళ్లకు మ్యూజికల్ అర్థం కాదనే మాట నేనొప్పుకోను. మన పిల్లలకన్నా వాళ్లే దానికి దగ్గర.

చివర్లో ఒక్క చిక్కు ఎదురైంది. నాటకం అయిపోగానే ముందువరసలన్నీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. కూర్చున్నవాళ్లకు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. నటులు వరసగా వచ్చి నమస్కరించడం పెద్దమ్మ చూడలేకపోయింది. ముందువాళ్లు నిలబడినా వీల్‌ఛైర్‌లో ఉన్నవాళ్లకు రంగస్థలం కనిపించేలా కట్టాలని, ప్రేక్షకులు లేచి నిలబడే అవకాశమున్న కొత్త ప్రేక్షకశాలలకు నిబంధనలున్నాయి. నూరేళ్ల నాటి హాళ్లలో ఆ ఎత్తుపల్లాలు మార్చడం తేలిక కాదు. కానీ నిలబడేముందు వెనక్కి ఒకసారి చూసే అలవాటు చేసుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఇంకో లోటు ప్రేక్షకుల వైపుది కాదు, వేదిక వైపుది. 2019 జూన్‌లో ‘ఓక్లహోమా!’ మ్యూజికల్‌కు గాను అలీ స్ట్రోకర్ టోనీ అవార్డు అందుకుంది. వీల్‌ఛైర్ వాడే నటి ఆ అవార్డు గెలవడం అదే మొదలు. మిగతా నటులంతా ప్రేక్షకుల్లోంచి మెట్లెక్కి వేదిక మీదికి వెళ్లారు. 1932 నాటి రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో ఆ మెట్ల పక్కన ర్యాంపు లేదు. తన పేరు పిలిచేటప్పటికి ఆమె తెర వెనక వేచి ఉంది. చూసేవాళ్లకు దారి వేశారు. ఆడేవాళ్లూ వీల్‌ఛైర్‌లో వస్తారని ఇంకా చాలాచోట్ల అనుకోలేదు.

మన హాళ్ల మాట

తిరుగు రైల్లో పెద్దమ్మ ఊళ్లో నాటకాల గురించి చెప్పింది. బడి ఆవరణలోనో చెరువుగట్టునో పందిరి వేసేవాళ్లు. కింద చాపలు. నడవలేని ముసలివాళ్లను నులకమంచాలతో సహా తెచ్చి ముందు వేసేవాళ్లు. ఊరంతా ఒకే నేల మీద ఉండేది. ఆ తర్వాత హాళ్లు వచ్చాయి, హాళ్లతోపాటు మెట్లూ వచ్చాయి. ఆవిడ నాటకాలు చూడటం మానేసింది మోకాళ్లు నొప్పి పెట్టిన రోజున కాదట, హాలు మెట్ల దగ్గర కొడుకులు ఇద్దరూ చెరో పక్క పట్టి ఎత్తుతుంటే అందరూ చూసిన రోజునట.

మనకూ చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును 29వ సెక్షన్‌లో చేర్చింది. ఉన్న ప్రజాభవనాలన్నిటినీ నియమాలు వచ్చిన ఐదేళ్లలోపు అందరూ వాడుకోగలిగేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతోంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022లోనే ముగిసింది. సేవలందించే సంస్థలకు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, ఇచ్చిన గడువు ఇంకా తక్కువ, రెండేళ్లే. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. అందరూ వాడుకోగలిగేలా చేసే ప్రమాణాలు వీలుంటే పాటించే సలహాలుగా ఉంటే చాలవని, తప్పనిసరి నియమాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనాన్ని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం చేసింది. అంటే దేశానికి దారి చూపిన పని మన ఊళ్లోనే జరిగింది.

అయినా మన ఆడిటోరియాల్లో నేను మామూలుగా చూసేది వేరు. వీల్‌ఛైర్‌లో వచ్చినాయనను మొదటి వరస ముందు, నడిచేదారిలో పెడతారు. కుటుంబం ఎక్కడో వెనక. వచ్చేపోయేవాళ్లు ఆయన్ను పక్కకు జరగమంటారు. ఆయన మెడ ఎత్తి రెండు గంటలు వేదిక అంచు చూస్తాడు. ర్యాంపు ఉన్నచోట దాని మీద పూలకుండీలో స్కూటర్లో ఉంటాయి. టాయిలెట్ మెట్ల కింద ఉంటుంది. సరిచేయడానికి వీటిలో దేనికీ కోట్ల రూపాయలు అక్కర్లేదు. రెండు వరసల్లో చివరి సీట్లు విప్పేస్తే చోటు వస్తుంది. నడవ పక్క నాలుగు సీట్లకు లేచే పట్టీలు బిగిస్తే మా పెద్దమ్మలాంటి వాళ్లు కూర్చోగలుగుతారు.

అడిగేవాళ్లు ఉంటేనే ఇది జరుగుతుంది. బ్రాడ్‌వేలోనూ అడగకుండా ఎవరూ ఇవ్వలేదు. న్యూయార్క్ వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందు మూడు సంగతులు కనుక్కోండి: వీధి నుంచి సీటు దాకా మెట్టుందా, ఆ సీటు మీదికి పై బాల్కనీ అడ్డొచ్చి వేదిక పైభాగం మరుగవుతుందా, టాయిలెట్ అదే అంతస్తులో ఉందా. ఇక్కడ ఉన్నవాళ్లు ఉగాది సభకో, పిల్లల అరంగేట్రానికో, సంఘం వార్షికోత్సవానికో హాలు మాట్లాడుకునేటప్పుడు అవే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి అడగండి. వేదిక మీదికి ర్యాంపు ఉందా అన్నది నాలుగోదిగా చేర్చండి. సరైన జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.